పట్టాలో లేని వెలుగు

టీవీ కెమెరా లెన్స్‌తో ఫొటోలేమిటని అడిగేవాళ్లకు నేను చంద్రుణ్ని చూపిస్తాను. అమెరికా వాళ్ల రేంజర్ 7 నౌక 1964 జులై 31న వెళ్లి చంద్రుడి మీద పడి తునాతునకలైంది. పడటానికే పంపారు దాన్ని. పడబోయే ముందు సుమారు 17 నిమిషాల్లో 4,300 పైచిలుకు ఫొటోలు తీసి భూమికి పంపింది. అందులో ఉన్నవి 6 టీవీ కెమెరాలు. ఫిల్ము లేదు, కడగడం లేదు. విడికాన్ అనే గాజు గొట్టం ముఖం మీద బొమ్మ పడుతుంది, దాన్ని గీతల వారీగా చదివి రేడియో తరంగాల మీద కిందికి దించుతారు. వెడల్పుగా చూసే కెమెరాకు బిగించింది ఫ్రాన్స్‌లో ఆంజెన్యూ కంపెనీ చేసిన 25 మి.మీ. లెన్స్. 1953లో ఎఫ్ 0.95తో బయటికొచ్చిన రకం. చంద్రుడి నేలను అంత దగ్గర నుంచి మొదటిసారి చూపించిన ఫొటోలు అలా టీవీ అద్దంలోంచే వచ్చాయి.

నా వ్యవహారం చంద్రుడి దాకా పోదు. పెరట్లో జామచెట్టు, మెట్ల మీద కూచుని చిక్కుడుకాయలు గిల్లే మా అత్తయ్య, రాత్రిపూట మిర్చి బండి, అంతవరకే. కానీ సరుకు అదే జాతిది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, కోఠి గుజరాతీ గల్లీ పక్క సందుల్లోనో ఓపిగ్గా వెతికితే పాత సీసీ కెమెరాలు కుప్పగా కనిపిస్తాయి. దుకాణం ఎత్తేసిన చోటి నుంచి, అపార్ట్‌మెంట్‌లో కొత్తవి పెట్టుకున్న చోటి నుంచి తూకానికి వచ్చినవి. కెమెరాలో ప్రాణం ఎప్పుడో పోయి ఉంటుంది. ముందున్న లెన్స్‌లో మాత్రం పోవడానికి ప్రాణమంటూ ఏముంది? గాజు, ఇత్తడి, అల్యూమినియం. కెమెరాకు అక్కర్లేదని తేలిపోయాక దాని ధర ఇనుప సామాను లెక్కలో పడిపోతుంది. వాటి మీద ఉండే పేర్లు కొన్ని మంచి జపాన్ పేర్లే: ఫుజినాన్, కెనన్, కాస్మికార్, కంప్యూటార్.

వాటి మీద చెక్కిన అంకెలు చూస్తే ఫొటోగ్రాఫరు కళ్లు మెరవాల్సిందే. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుగు. ఎఫ్ 1.4 మామూలు సంగతి. ఎఫ్ 1.2, ఒక్కోసారి ఎఫ్ 0.95. అదే అంకెలున్న కొత్త ఫొటో లెన్స్ కొనాలంటే నెల జీతం సరిపోదు. టీవీ వాళ్లకి అంత వెలుగు ఎందుకు కావాలంటే, వాళ్లకి వేరే దారి లేదు. ఫొటో తీసేవాడు చీకట్లో షట్టర్‌ని అర సెకను తెరిచి ఉంచుకోవచ్చు. టీవీకి ఆ వెసులుబాటు లేదు, మన దేశపు లెక్కలో సెకనుకి 50 సార్లు తెర మీద గీతలు నిండాలి. పైగా విడికాన్‌కి ఆకలెక్కువ. వెలుగు చాలకపోతే బొమ్మ మసకబారడమే కాదు, కదిలే దీపం వెనకాల తోక కూడా సాగేది. అందుకని లెన్స్ నోరు ఎంత వీలైతే అంత తెరిచారు.

ఆ లెన్స్ ఒంటి మీద దాని ఉద్యోగమంతా రాసి ఉంటుంది. అపెర్చర్ రింగ్ 16 దాటాక 'సి' అనే గుర్తు దగ్గర రేకులు పూర్తిగా మూసుకుపోతాయి. ఫొటో లెన్స్‌లో ఇలా ఉండదు. విడికాన్ ముఖం మీద ఎండ సూటిగా పడితే మచ్చ మిగిలిపోయేది కాబట్టి, కెమెరాతో పనిలేనప్పుడు కన్ను మూసే ఏర్పాటు. ఫోకస్ రింగ్‌కీ, అపెర్చర్ రింగ్‌కీ చెరో చిన్న బిగింపు స్క్రూ. ఒకసారి గోడ మీదికి ఎక్కించి బిగిస్తే ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు మరి. నేను కొన్న వాటిలో చాలావాటికి గ్రీజు గట్టిపడిపోయి, తిప్పితే కిర్రుమంటుంది.

అసలు విషయం వెనకవైపు ఉంది. 'ఒక అంగుళం' లెన్స్ అని అమ్ముతారు గానీ, ఆ అంగుళం బొమ్మ కొలత కాదు, విడికాన్ గాజు గొట్టం బయటి వ్యాసం. లోపల బొమ్మ పడే చోటు 12.8 × 9.6 మి.మీ., మూల నుంచి మూలకు 16 మి.మీ. ఆ తర్వాత వచ్చిన 2/3 అంగుళం గొట్టంలో అది 8.8 × 6.6, మూల నుంచి మూలకు 11. గొట్టాలన్నీ మట్టిలో కలిసినా ఆ కొలమానం చావలేదు. ఇవాళ ఫోన్ ప్రకటనల్లో గొప్పగా చెప్పే 'ఒక అంగుళం సెన్సర్' కర్ణం కూడా ఆ 16 మి.మీ.లకు అటూ ఇటే.

నా కెమెరా మైక్రో ఫోర్ థర్డ్స్ రకం. సెన్సర్ 17.3 × 13 మి.మీ., కర్ణం 21.6. అంటే ఒక అంగుళం లెన్స్ బాధ్యత తీసుకున్న వెలుగు వలయం నా సెన్సర్ మూలలకు చేరదు. లెన్స్ గీసిన ఇంజనీరుకు ఆ 16 మి.మీ. వరకే పట్టా. దాని బయట పడే వెలుగు పోరంబోకు. అక్కడ ఏం పండుతుందో, ఏం ఎండుతుందో ఆయన సర్వే చేయలేదు, చేయనక్కర్లేదు కూడా. మనం వెళ్లి ఆ పోరంబోకులో కూడా ఫొటో తీస్తామంటున్నాం. ఈ పనిలో ఉన్న తంటా అంతా, సరదా అంతా ఈ ఒక్క చోటే ఉంది.

అన్ని లెన్సులూ ఒకేలా ప్రవర్తించవు. 50, 75 మి.మీ. లెన్సులు వాగ్దానం చేసినదానికంటే చాలా ఎక్కువిస్తాయి, సెన్సర్ మొత్తం నిండుతుంది. 25 మి.మీ. అయితే మూలలు నల్లబడతాయి. 12.5 మి.మీ. పెడితే ఓడ కిటికీలోంచి చూసినట్టు గుండ్రటి బొమ్మ, చుట్టూ చీకటి. చతురస్రం ఫ్రేముకి మారితే కర్ణం 18.4కి తగ్గుతుంది, 25 మి.మీ. నల్ల మూలలు చాలావరకు పోతాయి. నేను చతురస్రంలోనే తీస్తుంటాను. ఎవరైనా ఇదేదో శైలి అనుకుంటే కాదనను.

ఇక బిగించడం. ఈ లెన్సులది సి మౌంట్. వ్యాసం ఒక అంగుళం, అంగుళానికి 32 మరలు, లెన్స్ ఆనుకునే అంచు నుంచి బొమ్మ పడే తలానికి 17.526 మి.మీ. ఈ చివరి అంకె కారణంగానే పాత రోజుల్లో ఈ పని కుదిరేది కాదు. అద్దం ఎగిరే ఎస్సెల్లార్ కెమెరాల్లో ఆ దూరం కెనన్‌కి 44, నికాన్‌కి 46.5 మి.మీ. లెన్స్ వెళ్లి అద్దం కదిలే చోట కూర్చోవాలి, ఎలా కూర్చుంటుంది? 2008లో పానసోనిక్ జీ1 అద్దం తీసేసి వచ్చింది. దాని దూరం 19.25. 2010లో వచ్చిన సోనీ 'ఈ' మౌంట్‌ది 18. ఇంకా ఎక్కువే, కానీ అందుకోగలిగిన ఎక్కువ. అడాప్టర్ రింగు మధ్యభాగాన్ని కెమెరా నోట్లోకి 1.7 మి.మీ. దించితే సరిపోతుంది. అలా దించిన రింగులు ఇప్పుడు నెట్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి.

దొరికినదల్లా సరిగ్గా ఉంటుందని కాదు. ఇక్కడ పదో వంతు మిల్లీమీటరు కూడా పెద్ద దూరం. లెక్క సులువే. లెన్స్‌ని అనంతం దగ్గర పెట్టి, అది ఉండాల్సినదాని కంటే ముందుకు ఎంత జరిగిందో కొలవండి. ఫోకల్ లెంగ్త్‌ని దానితోనే గుణించి, ఆ జరుగుడుతో భాగించండి. లెన్స్ ఇక చూడగలిగే దూరం సుమారుగా అదే. 25 మి.మీ. లెన్స్ ఒక్క మిల్లీమీటరు ముందుకు జరిగితే 625 మి.మీ., అంటే రెండడుగుల అవతల అన్నీ మసకే. అదే 12.5 మి.మీ. లెన్స్‌కైతే పదో వంతు జరుగుడుకే చూపు ఒకటిన్నర మీటర్ల దగ్గర ఆగిపోతుంది. అందుకని అడాప్టర్ కొనగానే గాజు పలక మీద ఎమెరీ కాగితం పరుచుకుని, దాని ముఖాన్ని కొంచెం కొంచెంగా రుద్దుతూ, దూరంగా ఉన్న సెల్ టవర్‌ని చూసుకుంటూ కూచోవాల్సి వస్తుంది. ఎక్కువ అరిగిందా, పల్చటి ప్లాస్టిక్ వాషర్ కత్తిరించి వేయాలి. ఇదంతా విసుగు పుట్టించే పనేనని చాలామంది అంటారు. నాకైతే ఫొటో తీయడం కంటే ఇదే ఎక్కువ ఇష్టమేమోనని అప్పుడప్పుడూ అనుమానం.

సీఎస్ మౌంట్ అని ఇంకోటి ఉంది, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. అవే మరలు, అదే వ్యాసం. దూరం మాత్రం 12.5. ఈమధ్య కాలపు సీసీ కెమెరా లెన్సుల్లో ఇవి చాలానే ఉంటాయి. మన కెమెరాల మీద వీటికి 5 మి.మీ. ఎడం మిగిలిపోతుంది కాబట్టి చీమల్నీ, బియ్యపు గింజల్నీ తప్ప మరేమీ చూడలేవు. చీమలు కావాలంటే భేషుగ్గా పనికొస్తాయి.

కొన్ని సి మౌంట్ లెన్సులకు మరల పైన ఒళ్లు లావుగా ఉంటుంది. అడాప్టర్ మధ్యభాగం లోపలికి దిగి ఉంటుంది కదా, ఆ లావు ఒడ్డుకు తగిలి లెన్స్ చివరిదాకా తిరగదు. అలాంటిదొకటి పట్టుకుని బాలానగర్‌లో లేత్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. బోల్టులూ షాఫ్టులూ తిప్పే మనిషి. లెన్స్‌ని అరచేతిలో పెట్టుకుని, "గింత దానికి లేత్ ఎక్కియ్యాల్నా సార్?" అన్నాడు. ఒక మిల్లీమీటరు తీస్తే చాలన్నాను. "తీస్త గని, లోపట గాజు ఉన్నది. రజను పోతే నన్ను అనొద్దు." ముందూ వెనకా టేపుతో మూసి, చక్‌కీ లెన్స్‌కీ మధ్య సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగించాడు. ఆ ట్యూబు ముక్క ఆలోచన నాకు తట్టనే తట్టలేదు. వెండి తీగలా అల్యూమినియం చుట్టలు రాలాయి. డబ్బులివ్వబోతే ముందు ఫొటో తీసి చూపించమన్నాడు. అక్కడికక్కడే ఆయన్నే తీశాను. స్క్రీన్ చూసి, "వెనక అంత గిర్రున తిరుగుతున్నదేంది సార్, నా మెషిన్ ఆగే ఉన్నది గద?" అన్నాడు.

ఆ గిర్రున తిరగడం గురించే ఇప్పుడు లోకమంతా మాట్లాడుకుంటోంది. 35 మి.మీ. ఎఫ్ 1.7 అని చైనా నుంచి వచ్చే చవక సీసీ కెమెరా లెన్స్ ఒకటి దీంతోనే పేరు తెచ్చుకుంది. ముఖం మధ్యలో పెట్టి, వెనక ఆకులున్న చెట్టు ఉండేలా చూసుకుంటే, ఆ ఆకులన్నీ ముఖం చుట్టూ సుడి తిరుగుతాయి. కారణం మంత్రం కాదు. మధ్యలోంచి వచ్చే కిరణాలకు లెన్స్ గుండ్రంగా కనిపిస్తుంది, అంచు నుంచి ఏటవాలుగా వచ్చేవాటికి ముందు కట్టు, వెనక కట్టు అడ్డుపడి సన్నటి కోలగా మిగులుతుంది. మసకైన ప్రతి వెలుగు చుక్కా ఆ కోల ఆకారం తెచ్చుకుంటుంది, ఆ కోలలన్నీ కేంద్రం చుట్టూ వరుస కడతాయి. దానికి తోడు అంచుల్లో దిద్దని ఆస్టిగ్మాటిజం చుక్కల్ని ఇంకా సాగదీస్తుంది. టీవీ కెమెరాలో ఇవన్నీ ఫ్రేము బయట ఉండేవి కాబట్టి ఎవరికీ పట్టలేదు. మా మేనల్లుడు చూసి, "మామయ్యా, ఈ ఎఫెక్ట్ ఫోన్ యాప్‌లోనూ ఉంది కదా" అన్నాడు. ఉంది. వాడితో నాకు పేచీ లేదు. సుడి ఒక్కటే కావాలంటే యాప్ చాలు.

నాకున్న పేచీ వేరు. ఈ లెన్సుల్లో జనం మెచ్చుకునేదంతా దాన్ని చేసినవాడు చేయని పని. చేసిన పని మధ్యలో ఉంది, అటు ఎవరూ చూడరు. ఎఫ్ 1.4 దగ్గర పూర్తిగా తెరిచి, ఒక మీటరు దూరంలో మనిషిని పెట్టి, మధ్య భాగాన్ని పెద్దది చేసి చూడండి. 625 గీతల టీవీలో బొమ్మకు పనికొచ్చేవి 576. వాటిని ఒక అంగుళం గొట్టం 9.6 మి.మీ. ఎత్తులో సర్దితే మిల్లీమీటరుకు 60 గీతలు. లెన్స్‌ని అడిగింది అంతే. నా 16 మెగాపిక్సెల్ సెన్సర్‌లో 13 మి.మీ. ఎత్తులో 3,448 వరుసలు, మిల్లీమీటరుకు 265. నాలుగింతలు ఎక్కువ అడుగుతున్నానన్నమాట. అయినా మధ్యలో కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తున్నాయంటే, పెన్సిలుతో, లెక్కల పట్టికలతో లెన్స్ గీసిన మనిషి అడిగినదానికంటే ఎంతో మంచి పని చేసి పెట్టాడు. ఆ స్పష్టత మీద సన్నటి పొగమంచు లాంటి కాంతి ఒకటి పరుచుకుని ఉంటుంది. ఎఫ్ 2.8కి వస్తే ఆ కాంతి పోతుంది. మిర్చి బండి బల్బు చుట్టూ అది అందంగా ఉంటుంది, పెళ్లికూతురి నగల మీద ఉండదు. ఎక్కడ ఉంచాలో ఎక్కడ తీసేయాలో చూసుకోవాలి. రింగు తిప్పాక ఫోకస్ మళ్లీ సరిచూసుకోవడం మరిచిపోవద్దు, ఇలాంటి లెన్సుల్లో అపెర్చర్‌తో పాటు ఫోకస్ కూడా కాస్త జరుగుతుంది.

టీవీ నుంచి ఫొటోకి లెన్సులు రావడం ఈనాటి చాదస్తమేమీ కాదు. వియన్నాలో పుట్టి అమెరికా చేరిన ఫ్రాంక్ బాక్ అనే ఇంజనీరు 1940ల చివర్లోనే టీవీ వాళ్లకు జూమర్ అనే లెన్స్ ఇచ్చాడు. 1959లో ఆయన గీసిన 36–82 మి.మీ. జూమర్‌ని ఫోగ్ట్‌లెండర్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. 35 మి.మీ. ఫొటో కెమెరాలకు వచ్చిన మొదటి జూమ్ లెన్స్ అదే. 1961లో కెనన్ 7 కెమెరాతో వచ్చిన 50 మి.మీ. ఎఫ్ 0.95 సంగతి ఇంకోలా ఉంది. అదే గాజుతో టీవీ లెన్స్ అని చెక్కి మరో రూపం కూడా అమ్మారు. ఒకప్పుడు టీవీ రూపం చవక. అది కూడా పూర్తి 35 మి.మీ. ఫ్రేముని నింపుతుందని జనానికి తెలిశాక మౌంట్లు మార్పించుకోవడం మొదలైంది, ధర ఆకాశానికెక్కింది. నాకిక ఆ ఆశ లేదు. విడికాన్ కంటే ముందు స్టూడియోల్లో వాడిన ఇమేజ్ ఆర్థికాన్ గొట్టాలకు బొమ్మ కర్ణం దాదాపు 40 మి.మీ. ఉండేది. 35 మి.మీ. ఫ్రేముది 43. ఆ కాలపు స్టూడియో లెన్స్ ఎక్కడైనా దొరికితే మూలలు నల్లబడే బాధ పెద్దగా ఉండదు. మన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది, అప్పటికి ఆ గొట్టాల కాలం దాటిపోయింది. ఎర్రగడ్డలో వాటికోసం వెతకడం దండగ.

ఇక్కడ దొరికేవి వార్తల కెమెరాల లెన్సులు. 1995లో ఈటీవీ, 2004లో టీవీ9, వాటి చుట్టూ వచ్చిన చానళ్లన్నీ కలిసి ఈ ఊరిని భుజం మీద కెమెరాల ఊరిగా చేశాయి. హెచ్‌డీ వచ్చాక పాత లెన్సులు గోడౌన్ల పాలయ్యాయి. బీ4 మౌంట్, కిలోకి పైగా బరువు, పక్కన మోటారు పిడి. 'ఏ18×7.6' లాంటి గుర్తులుంటాయి. 7.6 మి.మీ. నుంచి 18 రెట్లు, అంటే 137 మి.మీ. దాకా. కళ్లు చెదిరే లెన్సే, కానీ వలయం 11 మి.మీ. మాత్రమే. దీనికో ఉపాయం దాని ఒంట్లోనే ఉంది. చాలావాటికి 2ఎక్స్ అనే మీట ఉంటుంది. అది తిప్పితే 11 కాస్తా 22 అవుతుంది. నాకు కావాల్సింది 21.6! వెలుగు రెండు స్టాపులు తగ్గుతుంది, తగ్గనీ. ఇంకో చిక్కు మాత్రం తీరదు. ఈ లెన్స్ వెనక రంగుల్ని మూడుగా విడగొట్టే దళసరి గాజు ప్రిజమ్ ఉంటుందని లెక్కేసి దీన్ని గీశారు. నా కెమెరాలో ఆ ప్రిజమ్ లేదు. తెల్ల చొక్కా అంచున ఊదా, ఆకుపచ్చ గీతలు వస్తాయి. నలుపు తెలుపులోకి మారిస్తే గీతలు కనపడవు, మెత్తదనం మిగులుతుంది. ఆ బరువు మోసుకుని దీన్నెందుకు వాడతానంటే, జూమ్ ఇటు నుంచి అటు మొత్తం తిప్పినా ఫోకస్ చెదరదు. ఫొటోల కోసం చేసే జూముల్లో ఎక్కువ వాటికి ఈ గుణం లేదు. కొక్కిరాయిని దగ్గరగా లాగి కంటి మీద ఫోకస్ చేసి, తర్వాత చెరువంతా పట్టేలా వెనక్కి రావచ్చు. ఆ వేళ్ల అలవాటు కెమెరామన్లది. మనకు కొత్త.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 25 లేదా 50 మి.మీ. ఎఫ్ 1.4తో మొదలుపెట్టండి. కెమెరాలో 'లెన్స్ లేకపోయినా షట్టర్ పడాలి' అనే సెట్టింగ్ ఆన్ చేయండి, లేకుంటే బటన్ నొక్కినా ఉలకదు. టార్చి వేసి లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూడండి. కోస్తా ఊళ్ల నుంచి వచ్చిన లెన్సుల్లో ఇది ఎక్కువ. కొన్ని లెన్సుల పక్క నుంచి 4 పిన్నుల తీగ వేలాడుతుంది. ఆటో ఐరిస్ అంటారు. కరెంటు లేకపోతే స్ప్రింగు లాగి రేకులు పూర్తిగా మూసేస్తుంది. వెలుగుకి ఎత్తి చూస్తే కటిక చీకటి. దాని పక్కమూత విప్పి, రేకులు తెరిచి పట్టుకుని జిగురు చుక్క వేస్తే ఎప్పటికీ ఎఫ్ 1.2 దగ్గరే నిలిచిపోతుంది. నేను వాడేది ఎలాగూ అక్కడే. ఈ సంగతి సంతలో అమ్మేవాళ్లకు తెలియదు. "ఇది పోయింది సార్" అని సగం ధర చెప్తారు. నేను వాదించను.